మొదలైంది సరే, సిద్ధమైందా? సర్వర్ బూట్ వరుసలో ఏ పద్ధతి ఎక్కడ వాడాలి

ఒక రాత్రి లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) అప్‌డేట్ వేసి సర్వర్‌ని రీబూట్ చేశాను. రెండు నిమిషాల్లో తిరిగి లేచింది. వెబ్ సర్వర్ నడుస్తోంది, డేటాబేస్ స్టేటస్ అడిగితే ‘యాక్టివ్, రన్నింగ్’ అని పచ్చటి అక్షరాల్లో చూపించింది. హమ్మయ్య అనుకుని సైటు తెరిస్తే ఒక్క యూజర్ లేడు, ఒక్క ఆర్డర్ లేదు. డేటాబేస్‌లోకి వెళ్లి చూస్తే అసలు టేబుళ్లే లేవు. అరచేతులు చల్లబడ్డాయి. తీరా డేటా ఫోల్డర్‌లో లిస్ట్ కొడితే పాత ఫైళ్లన్నీ అక్కడే ఉన్నాయి, సైజులతో సహా. నాకు కనబడుతున్న ఫైళ్లు డేటాబేస్‌కి కనబడటం లేదు.

జరిగింది ఇదీ. డేటా వేరే డిస్కులో ఉంది. ఏ డిస్కుని ఏ ఫోల్డర్‌కి తగిలించాలో (దీన్నే మౌంట్ అంటారు) చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో, ఆ డిస్కు లైన్‌లో ఎవరో ‘నోఫెయిల్’ అని పెట్టారు. ఎవరో ఏంటి, రెండేళ్ల కిందట నేనే పెట్టాను. డిస్కు రాకపోయినా సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఇరుక్కోకుండా లేవాలని. ఆ మాట పెడితే ఇంకొకటి కూడా జరుగుతుంది: ‘లోకల్-ఎఫ్ఎస్’ టార్గెట్ (లోకల్ డిస్కులు మౌంట్ అయ్యాయని చెప్పే బూట్ మజిలీ) ఆ మౌంట్ కోసం ఆగడం మానేస్తుంది. ఆ రాత్రి డిస్కు కొన్ని సెకన్లు ఆలస్యంగా వచ్చింది. ఈలోగా డేటాబేస్ మొదలై, మౌంట్ కావలసిన చోట ఖాళీ ఫోల్డర్ చూసి, కొత్త ఇన్‌స్టలేషన్ కాబోలనుకుని తాజాగా డేటాబేస్ తయారుచేసుకుంది. ఆ తర్వాత డిస్కు వచ్చి దాని మీద దుప్పటిలా కప్పేసింది. నేను చూస్తున్నది దుప్పటి పైభాగం, డేటాబేస్ పట్టుకుని కూర్చున్నది దుప్పటి కింద ఉన్న ఫైళ్లు.

సరిచేయడానికి ఒక్క లైన్ సరిపోయింది. డేటాబేస్ యూనిట్‌లో (సర్వీసుని ఎలా, ఎప్పుడు నడపాలో చెప్పే ఫైలు) ‘రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్’ అని రాసి, పక్కన డేటా ఫోల్డర్ దారి ఇచ్చాను. ఆ దారికి ఏ మౌంట్లు కావాలో సిస్టమ్‌డీయే (బూట్‌లో సర్వీసుల్ని మొదలుపెట్టే ప్రోగ్రాం) చూసుకుని, అవి వచ్చాకే సర్వీసు మొదలుపెడుతుంది. అవి రాకపోతే మొదలుపెట్టదు. ఆ లైన్ ఉందని నాకు ముందే తెలుసు. కానీ ‘లోకల్-ఎఫ్ఎస్ తర్వాత’ అని రాసి ఉంది కదా, చాల్లే అనుకున్నాను. నాకు కావలసింది టార్గెట్ కాదు, ఆ డిస్కు. ఆ తేడా రాయలేదు.

కాబట్టి ఏ పద్ధతి మంచిది అని అడిగే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ సర్వీసు నిజంగా దేని కోసం ఆగాలి? ఒక డిస్కు కోసమా, పోర్టు (కనెక్షన్లు వచ్చే ద్వారం) కోసమా, డివైస్ కోసమా, కెర్నల్‌లో ఒక సెట్టింగ్ కోసమా, ఇంకో మెషీన్ కోసమా? జవాబును బట్టి పద్ధతి మారిపోతుంది.

వరుస వేరు, అవసరం వేరు

సిస్టమ్‌డీ 2010లో వచ్చింది. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ 7, డెబియన్ 8, ఉబుంటు 15.04 నుంచి సర్వర్లలో దాదాపు ఇదే రాజ్యం. ఇన్నేళ్లయినా ‘ఆఫ్టర్’ అని రాస్తే అవతలి సర్వీసు కూడా మొదలవుతుందని అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మొదలవదు. రెండూ ఎలాగూ మొదలవ్వాల్సి ఉంటే ఎవరు ముందు అన్నది మాత్రమే ఆఫ్టర్ చెబుతుంది. అవతలిదాన్ని మీరు ఎనేబుల్ చేయకపోతే ఆ లైన్ ఉన్నా లేనట్టే.

దీనికి తిరగేసిన పొరపాటు ‘రిక్వైర్స్’ ఒక్కటే రాయడం. అవతలి సర్వీసుని ఇది లాక్కొస్తుంది, కానీ వరుస చెప్పలేదు కాబట్టి రెండూ ఒకేసారి పరుగు మొదలుపెడతాయి. మీ టెస్ట్ మెషీన్‌లో డేటాబేస్ ముందు గెలుస్తుంది, ప్రొడక్షన్‌లో యాప్ ముందు గెలుస్తుంది. రెండు లైన్లూ జంటగా రాయాలి. ఒకటి రాసి రెండోది వదిలేసిన యూనిట్ ఫైలు కనబడితే నాకు అనుమానమే.

మరి అవసరం చెప్పడానికి ‘వాంట్స్’ వాడాలా, ‘రిక్వైర్స్’ వాడాలా, ‘బైండ్స్‌టూ’ వాడాలా? నా సలహా: మామూలుగా వాంట్స్, ఆఫ్టర్ జంట చాలు. వాంట్స్ అంటే అవతలిదాన్ని మొదలుపెట్టు, అది ఫెయిలైనా నేను వస్తాను అని. ఇది మెతకగా కనిపిస్తుంది. కానీ చాలా యాప్‌లకి ఇదే సరైనది, ఎందుకంటే క్యాష్ సర్వర్ (తరచూ కావలసిన డేటాని దగ్గర దాచి ఉంచేది) లేకపోయినా కనీసం ఎర్రర్ పేజీ చూపించడానికైనా యాప్ బతికి ఉండాలి.

రిక్వైర్స్ గట్టిది, దానికో తోక కూడా ఉంది. అవతలి సర్వీసుని మీరు చేత్తో ఆపినా, రీస్టార్ట్ చేసినా ఇదీ దాంతో పాటు ఆగుతుంది, రీస్టార్ట్ అవుతుంది. క్యాష్‌లో చిన్న సెట్టింగ్ మార్చి రీస్టార్ట్ కొడితే పట్టపగలు యాప్ సర్వర్ కూడా కిందపడి లేచిందంటే కారణం ఇదే. పైగా అవతలి సర్వీసు దానంతట అది క్రాష్ అయితే మాత్రం రిక్వైర్స్ పట్టించుకోదు. అప్పుడు కూడా ఆగాలంటే బైండ్స్‌టూ కావాలి. బైండ్స్‌టూని నేను డివైస్‌లకే వాడతాను: కార్డు పీకేస్తే దాన్ని చదివే సర్వీసు ఆగిపోవాలి, అంతే.

ఇంకో సూక్ష్మం ఉంది. అవతలి యూనిట్‌లో ‘కండిషన్‌పాత్ఎగ్జిస్ట్స్’ లాంటి షరతు ఉండి అది తప్పితే, సిస్టమ్‌డీ దాన్ని ఫెయిల్యూర్‌గా లెక్కించదు, దాటేస్తుంది. దాని మీద రిక్వైర్స్ పెట్టుకున్న మీ సర్వీసు దర్జాగా మొదలవుతుంది. ఫైలు లేకపోతే నిజంగా ఫెయిలవ్వాలంటే కండిషన్ బదులు ‘అసర్ట్’ రకం వాడాలి.

ఆఫ్టర్‌కి ఉన్న రెండో పని షట్‌డౌన్‌లో బయటపడుతుంది. మొదలయ్యే వరుసని తిరగేసి ఆపుతారు కాబట్టి, నెట్‌వర్క్ తర్వాత అని రాసిన సర్వీసు నెట్‌వర్క్ కన్నా ముందు ఆగుతుంది. ఆ లైన్ లేకపోతే నెట్‌వర్క్ ముందే పోయి, యాప్ చివరి రికార్డులు పంపబోయి ఎక్కడో వేలాడుతుంది. రీబూట్ కొడితే నిమిషంన్నర సేపు ఎర్ర నక్షత్రాలు కదులుతూ కూర్చునే సర్వర్లలో కొన్నింటికి జబ్బు ఇదే.

మొదలైంది అంటే ఏమిటి

వరుస సరిగ్గా రాశాక కూడా యాప్ ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అంటుంది. అప్పుడు చూడాల్సింది యాప్ యూనిట్ కాదు, డేటాబేస్ యూనిట్. అందులో ‘టైప్’ ఏముంది? ‘సింపుల్’ అని ఉంటే సిస్టమ్‌డీ ప్రాసెస్‌ని ఫోర్క్ చేసిన (కొత్త ప్రాసెస్‌గా విడదీసిన) క్షణమే ‘మొదలైంది’ అని రాసుకుంటుంది. ప్రోగ్రాం ఫైలు అసలు ఉందో లేదో కూడా అప్పటికి చూడదు. ‘ఎగ్జెక్’ రకం కనీసం ప్రోగ్రాం రన్ అయ్యేదాకా ఆగుతుంది. ‘వన్‌షాట్’ పని పూర్తయ్యేదాకా ఆగుతుంది. ‘నోటిఫై’ మాత్రమే ‘నేను సిద్ధం’ అని ప్రోగ్రాం తన నోటితో చెప్పేదాకా ఆగుతుంది.

మీ సాఫ్ట్‌వేర్‌కి నోటిఫై వస్తే వేరే ఆలోచన అక్కర్లేదు, అదే వాడండి. పోస్ట్‌గ్రెస్‌కి 9.6 వెర్షన్ నుంచి ఈ సౌకర్యం ఉంది, సిస్టమ్‌డీ సపోర్ట్‌తో బిల్డ్ చేసి ఉండాలి. టైప్ నోటిఫై అని రాసి, ప్రోగ్రాంకి ఆ కబురు పంపడం రాకపోతే మాత్రం 90 సెకన్లు ఎదురుచూసి సిస్టమ్‌డీ దాన్ని చంపేస్తుంది. ‘సర్వీసు బానే లేస్తోంది, సరిగ్గా నిమిషంన్నర తర్వాత చచ్చిపోతోంది’ అని ఎవరైనా చెబితే నేను ముందు టైప్ లైన్ చూస్తాను.

నోటిఫై రాని సాఫ్ట్‌వేర్‌కి మూడు దారులున్నాయి, మూడింటికీ గట్టి అభిమానులున్నారు.

మొదటిది ఎదురుచూసే స్క్రిప్టు. పోర్టు తెరుచుకునేదాకా సెకనుకోసారి తట్టి చూడటం. దీన్ని చాలామంది ఎదురుచూసే యాప్ వైపు ‘ఎగ్జెక్‌స్టార్ట్‌ప్రీ’లో (సర్వీసు కన్నా ముందు నడిచే కమాండ్) పెడతారు. అయిదు యాప్‌లుంటే అయిదు చోట్ల అదే లూప్, ఒక్కోదాంట్లో ఒక్కో టైమవుట్. దానికన్నా డేటాబేస్ వైపు ‘ఎగ్జెక్‌స్టార్ట్‌పోస్ట్’లో (తర్వాత నడిచే కమాండ్) ఒక్క లూప్ పెట్టండి. ఆ పోస్ట్ స్క్రిప్టు ముగిసేదాకా డేటాబేస్ ‘మొదలైంది’ అన్న లెక్కలోకి రాదు, కాబట్టి దాని తర్వాత రావాల్సినవన్నీ వాటంతటవే ఆగుతాయి. సిద్ధమైందో లేదో తెలిసిన చోటే ఆ మాట చెప్పించడం ఇది. అయిదు యాప్‌లకీ ఒక్క ఆఫ్టర్ లైన్ చాలు.

రెండోది సాకెట్ యాక్టివేషన్. సర్వీసు బదులు సిస్టమ్‌డీయే ముందుగా పోర్టు తెరిచి పెట్టుకుంటుంది. ఎవరైనా కనెక్ట్ అయితే ఆ కనెక్షన్ కెర్నల్ బఫర్‌లో క్యూలో నిలబడుతుంది, సర్వీసు లేచి తీసుకుంటుంది. ఆలోచన కొత్తది కాదు, పాత బీఎస్‌డీలో (ఒక యూనిక్స్ రకం) ఐనెట్‌డీ ఇలాంటి పనే చేసేది. ఇది కుదిరితే వరుస గొడవే ఉండదు, ఆఫ్టర్ లైన్లు చాలావరకు తీసేయొచ్చు. కానీ తెరిచిన సాకెట్‌ని అందుకోవడం ప్రోగ్రాంకి తెలిసి ఉండాలి. మీరే రాసే చిన్న డీమన్లకి (వెనకాల నడిచే ప్రోగ్రాంలకి), ఒకే మెషీన్‌లో మాట్లాడుకునే సర్వీసులకి ఇది భలే ఉంటుంది. ఎవరో రాసిన పెద్ద అప్లికేషన్ సర్వర్‌ని ఇందులోకి ఇరికించడానికి తంటాలు పడకండి.

మూడోది మళ్లీ మళ్లీ ప్రయత్నించడం. యాప్ కోడ్‌లోనే రీట్రై ఉంటే బంగారం. లేకపోతే ‘రీస్టార్ట్ ఆన్-ఫెయిల్యూర్’. ఇక్కడ ఒక గుంట ఉంది, దాదాపు అందరూ ఒకసారైనా పడతారు. రీస్టార్ట్‌కి రీస్టార్ట్‌కి మధ్య విరామం మామూలుగా 100 మిల్లీసెకన్లు. 10 సెకన్లలో 5 సార్లు మొదలైతే ఇక చాలు అని ఆపేసే హద్దు కూడా మామూలుగా ఉంటుంది. రెండూ కలిస్తే ఏమవుతుంది? డేటాబేస్ లేవడానికి 8 సెకన్లు పడుతుంది. యాప్ మొదలవుతుంది, చస్తుంది, మొదలవుతుంది, చస్తుంది. డేటాబేస్ ఇంకా ఒళ్లు విరుచుకుంటుండగానే యాప్ అయిదు ప్రాణాలూ అయిపోతాయి. పొద్దున మీరు చూసేసరికి ‘స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్లీ’ అని ఉంటుంది. ‘రీస్టార్ట్‌సెక్’ 5 అని పెడితే ఆ హద్దు అసలు తగలదు.

డేటాబేస్ వేరే మెషీన్‌లో ఉంటే ఎంపికే లేదు, మూడోదే. ఈ మెషీన్‌లోని సిస్టమ్‌డీకి ఆ మెషీన్ సంగతి తెలియదు. ఆఫ్టర్‌లు ఎన్ని రాసినా వృథా. అసలు ఒకే మెషీన్‌లో ఉన్నా సరే రీట్రై ఉండాలంటాను, ఎందుకంటే మధ్యాహ్నం మూడింటికి డేటాబేస్ రీస్టార్ట్ అయినప్పుడు బూట్ వరుస ఆదుకోదు. వరుస అనేది బూట్ అప్పుడు లాగ్‌లు శుభ్రంగా ఉండటానికి, రీట్రై అనేది బతకడానికి.

నెట్‌వర్క్ గురించి రెండు మాటలు

‘నెట్‌వర్క్’ టార్గెట్ తర్వాత అంటే ఐపీ వచ్చిందని కాదు, నెట్‌వర్క్‌ని చూసుకునే సాఫ్ట్‌వేర్ మొదలైందని. ఐపీ నిజంగా కావాలంటే ‘నెట్‌వర్క్-ఆన్‌లైన్’. దానికి ఆఫ్టర్‌తో పాటు వాంట్స్ కూడా రాయాలి, లేకపోతే దాన్ని ఎవరూ లాక్కురాకపోవచ్చు. ధర కూడా తెలుసుకోండి: కేబుల్ లేని ఒక నెట్‌వర్క్ కార్డు పోర్టు కాన్ఫిగరేషన్‌లో ఉండిపోతే సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ వాడే సర్వర్ 120 సెకన్లు దాని కోసం కూర్చుంటుంది. అన్ని అడ్రస్‌ల మీదా వినే సర్వీసుకి ఇది అసలు అక్కర్లేదు. ఒక నిర్దిష్టమైన ఐపీకి బైండ్ అయ్యేవాటికి, బూట్‌లోనే రిమోట్ షేర్ మౌంట్ చేసేవాటికి మాత్రమే వాడండి.

మాడ్యూళ్లు: ఎవరు, ఎప్పుడు లోడ్ చేయాలి

కెర్నల్ మాడ్యూళ్ల (కావలసినప్పుడు కెర్నల్‌కి తగిలించే ముక్కలు) మధ్య డిపెండెన్సీలు ఉంటాయని భయపడక్కర్లేదు, వాటిలో చాలావరకు ఎప్పుడో తేలిపోయాయి. ‘డెప్‌మాడ్’ ప్రతి మాడ్యూల్ ఏ సింబల్ (ఫంక్షన్ పేరు లాంటిది) ఎక్కడి నుంచి తీసుకుంటుందో చూసి జాబితా రాసి పెడుతుంది. ‘మోడ్‌ప్రోబ్’ దాన్ని చదివి కావలసినవన్నీ వరుసగా ఎక్కిస్తుంది. ‘ఇన్స్‌మాడ్’ మాత్రం ఆ జాబితా చూడదు, ఇచ్చిన ఫైలు ఎక్కించబోయి ‘అన్‌నోన్ సింబల్’ అంటుంది. స్క్రిప్టుల్లో ఇన్స్‌మాడ్ కనబడితే మార్చేయండి. హార్డ్‌వేర్ డ్రైవర్లని కూడా యూడెవ్ (డివైస్‌ల రాకపోకలు గమనించే ప్రోగ్రాం) తనే చూసుకుంటుంది: కార్డు తన గుర్తింపు చెబుతుంది, దానికి సరిపోయే మాడ్యూల్ ఎక్కుతుంది. ఇక్కడ మీరేమీ చేయకపోవడమే సరైన పద్ధతి. రెండు నెట్‌వర్క్ కార్డుల పేర్లు తారుమారు కాకుండా డ్రైవర్ల లోడ్ వరుసతో కుస్తీపట్టే పాత అలవాటు ఇంకా అక్కడక్కడా కనబడుతుంది. పేరు కావాలంటే మ్యాక్ అడ్రస్‌తో ‘లింక్’ ఫైలు రాసి పేరు పెట్టండి, లోడ్ వరుస ఎవరికీ హామీ కాదు.

మీ పని మొదలయ్యేది హార్డ్‌వేర్ లేని మాడ్యూళ్ల దగ్గర. ఫైర్‌వాల్, బ్రిడ్జ్, ఓవర్‌లే ఫైల్‌సిస్టమ్ లాంటివి. ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం.

రద్దీ ఉన్న గేట్‌వే సర్వర్. కెర్నల్ లాగ్‌లో ‘ఎన్ఎఫ్ కాన్‌ట్రాక్: టేబుల్ ఫుల్, డ్రాపింగ్ ప్యాకెట్’ అని వస్తోంది. కనెక్షన్ల హద్దు పెంచే లైన్‌ని సిస్‌కంట్రోల్ (కెర్నల్ సెట్టింగ్‌ల) ఫైల్లో రాశారు, అప్పటికప్పుడు అప్లై చేశారు, సమస్య పోయింది. మూడు నెలలకి రీబూట్. మళ్లీ అదే మెసేజ్. ఫైలు చూస్తే లైన్ భద్రంగా ఉంది, కెర్నల్‌ని అడిగితే పాత హద్దే చెబుతోంది. ఎందుకంటే బూట్ మొదట్లో సిస్‌కంట్రోల్ సెట్టింగ్‌లు రాసే సమయానికి కనెక్షన్ల లెక్క చూసే ‘ఎన్ఎఫ్ కాన్‌ట్రాక్’ మాడ్యూల్ ఇంకా ఎక్కలేదు. మాడ్యూల్ లేకపోతే ఆ సెట్టింగ్‌కి చోటే లేదు. సిస్టమ్‌డీ ‘అలాంటి ఫైలు లేదు’ అని ఒక ముక్క లాగ్‌లో వేసి ముందుకెళ్లిపోయింది, ఫెయిల్ కూడా కాలేదు. తర్వాత ఫైర్‌వాల్ మొదలై, తన రూల్స్ కోసం మాడ్యూల్‌ని ఎక్కించింది, మాడ్యూల్ తన సొంత హద్దుతో లేచింది.

దీనికి నాలుగు మందులు. ఫైర్‌వాల్ తర్వాత సిస్‌కంట్రోల్‌ని మళ్లీ నడిపే చిన్న సర్వీసు రాయడం ఒకటి. పని చేస్తుంది, కానీ మాడ్యూల్‌ని మధ్యలో తీసి మళ్లీ వేస్తే సెట్టింగ్ పోతుంది. రెండోది, ఈటీసీలోని (సెట్టింగ్‌లు ఉండే ఫోల్డర్) ‘మాడ్యూల్స్-లోడ్.డి’ ఫోల్డర్‌లో ఒక ఫైలు పెట్టి మాడ్యూల్ పేరు రాయడం. సిస్‌కంట్రోల్ సర్వీసు ఈ లోడింగ్ తర్వాతే నడిచేలా వరుస ముందే కట్టి ఉంది, కాబట్టి ఇక చూసుకోనక్కర్లేదు. మూడోది యూడెవ్ రూల్: ఆ మాడ్యూల్ ఎప్పుడు ఎక్కినా దానికి సంబంధించిన సెట్టింగ్‌లు మళ్లీ రాయమనడం. నాలుగోది మాడ్యూల్‌కే ఆప్షన్ ఇవ్వడం, ఇది ‘మోడ్‌ప్రోబ్.డి’లో రాస్తారు. హ్యాష్ టేబుల్ సైజు లాంటివి మాడ్యూల్ ప్యారామీటర్లు కాబట్టి వాటికి ఇదే సూటి దారి.

నేనైతే రెండోది పెడతాను. ఒక్క పదం ఉన్న ఫైలు, రాత్రి రెండింటికి ఫోన్ వచ్చి లేచిన మనిషికి కూడా అర్థమవుతుంది. మాడ్యూల్ తరచూ దిగి ఎక్కే మెషీన్ అయితే మూడోది. కంటెయినర్లు (ఒకే కెర్నల్ మీద విడివిడిగా నడిచే అప్లికేషన్ పెట్టెలు) నడిపే సర్వర్లలో, బ్రిడ్జ్ మీదుగా పోయే ప్యాకెట్లని ఫైర్‌వాల్‌కి చూపించే ‘బీఆర్ నెట్‌ఫిల్టర్’కీ ఇదే కథ. 2014 చివర్లో వచ్చిన 3.18 కెర్నల్‌లో దాన్ని బ్రిడ్జ్ మాడ్యూల్ నుంచి వేరు చేశారు. అంతకుముందు బ్రిడ్జ్ ఉంటే చాలు వచ్చేసిన సెట్టింగ్‌లు ఆ తర్వాత కనబడటం మానేశాయి. కుబర్నెటీస్ (కంటెయినర్లని నిర్వహించే వ్యవస్థ) పెట్టేటప్పుడు బీఆర్ నెట్‌ఫిల్టర్ పేరు ఫైల్లో రాయమని చాలా గైడ్లు చెప్పేది అందుకే. అన్నట్టు, కంటెయినర్ లోపలి నుంచి మాడ్యూల్ ఎక్కించే ఆలోచన వద్దు. కెర్నల్ హోస్ట్‌ది, ఆ పని హోస్ట్‌లోనే చేయాలి.

మాడ్యూల్ ఒక్క సర్వీసుకే కావాలనుకోండి. దాన్ని అందరి ఫైల్లో పెట్టే బదులు ఆ సర్వీసు యూనిట్‌లోనే చెప్పొచ్చు. సిస్టమ్‌డీతో ‘మోడ్‌ప్రోబ్@’ అనే టెంప్లేట్ యూనిట్ వస్తుంది, ఎట్ గుర్తు తర్వాత మాడ్యూల్ పేరు పెట్టి వాంట్స్, ఆఫ్టర్ రాస్తే సరి. సర్వీసు తీసేస్తే ఆ అవసరమూ దాంతో పాటే పోతుంది. మూడేళ్ల తర్వాత ‘ఈ మాడ్యూల్ ఎవరికోసం లోడ్ చేస్తున్నాం?’ అని తల గోక్కోవాల్సిన పని లేదు. ఒక్క జాగ్రత్త: ఈ యూనిట్ మాడ్యూల్ ఎక్కకపోయినా నోరు మెదపదు, విజయవంతం అనే చెబుతుంది. అందుకని పక్కనే ‘అసర్ట్‌పాత్ఎగ్జిస్ట్స్’ పెట్టి, మాడ్యూల్ ఎక్కితేనే సిస్ఎఫ్ఎస్‌లో (కెర్నల్ తన వివరాలు చూపించే చోటు) పుట్టే ఫోల్డర్ ఉందో లేదో చూడమనండి. ‘ఎగ్జెక్‌స్టార్ట్‌ప్రీ’లో నేరుగా మోడ్‌ప్రోబ్ రాస్తే ఫెయిల్యూర్ తెలుస్తుంది నిజమే, కానీ సర్వీసుని వేరే యూజర్‌గా నడుపుతుంటే అనుమతులు చాలవు, ఆ ఒక్క కమాండ్ ముందు ప్లస్ గుర్తు పెట్టి రూట్ హక్కులు ఇవ్వాల్సి వస్తుంది.

మాడ్యూల్ ఎక్కడమూ, డివైస్ కనబడటమూ కూడా ఒకటి కాదు. డ్రైవర్ ఎక్కాక హార్డ్‌వేర్‌ని వెతికి, యూడెవ్ డెవ్ ఫోల్డర్‌లో ఫైలు సృష్టించడానికి కొంత సమయం పడుతుంది. ఆ డివైస్ పేరుతోనే ఉండే ‘డివైస్’ యూనిట్ మీద బైండ్స్‌టూ, ఆఫ్టర్ రాయండి. డిస్కులకీ నెట్‌వర్క్ కార్డులకీ ఆ యూనిట్ దానంతట అదే వస్తుంది. మిగతా చాలా రకాల డివైస్‌లకి యూడెవ్ రూల్‌లో ‘సిస్టమ్‌డీ’ ట్యాగ్ వేస్తేనే వస్తుంది. ‘యూడెవ్-సెటిల్’ తర్వాత అని రాసే పాత చిట్కా వదిలేయండి, అది క్యూలో ఉన్నవి అయ్యాయని చెబుతుందే తప్ప మీ డివైస్ వచ్చిందని చెప్పదు.

రెండు మాడ్యూళ్ల మధ్యే వరుస కావాలి, కానీ సింబల్స్ ద్వారా సంబంధం లేదు అన్నప్పుడు ‘సాఫ్ట్‌డెప్’. వర్చువల్ మెషీన్‌కి గ్రాఫిక్స్ కార్డు అప్పగించేవాళ్లకి ఇది బాగా పరిచయం: అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ కన్నా ముందు ‘వీఎఫ్ఐఓ-పీసీఐ’ ఎక్కి కార్డుని పట్టుకోవాలి. మోడ్‌ప్రోబ్.డిలో ఒక్క లైన్. ఇదే పనికి ‘ఇన్‌స్టాల్’ లైన్ రాసి షెల్ కమాండ్లు గుచ్చే పద్ధతీ ఉంది, నాకైతే నచ్చదు. ఆ షెల్ ముక్క ఏం చేస్తుందో డిపెండెన్సీలు చూసే టూల్స్‌కి తెలియదు.

ఇన్‌స్టాల్ లైన్‌కి ఒక్క చోట మాత్రం సాటి లేదు: మాడ్యూల్‌ని ఆపడానికి. ‘బ్లాక్‌లిస్ట్’ అని రాస్తే మాడ్యూల్ ఇక ఎక్కదనుకుంటారు. నిజానికి హార్డ్‌వేర్ గుర్తింపు ద్వారా దానంతట అది ఎక్కడాన్నే అది ఆపుతుంది. వేరే మాడ్యూల్‌కి అవసరమైనా, ఎవరైనా పేరు పెట్టి పిలిచినా వచ్చేస్తుంది. సెక్యూరిటీ కోసం ఆపుతుంటే ‘ఇన్‌స్టాల్’ లైన్‌లో మాడ్యూల్ పేరు, పక్కన ‘బిన్ ఫాల్స్’ కమాండ్ రాయండి.

రూట్ డిస్కు (ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే డిస్కు) ఏ డ్రైవర్ మీద ఉందో ఆ మాడ్యూల్‌కి ఇవేవీ పనికిరావు. మాడ్యూల్స్-లోడ్ ఫోల్డర్ ఉన్నదే ఆ డిస్కు మీద కదా. అది ఇనిట్‌రామ్ఎఫ్ఎస్‌లో (రూట్ డిస్కు కన్నా ముందు మెమరీలోకి ఎక్కే చిన్న ఫైల్‌సిస్టమ్) ఉండాలి. మోడ్‌ప్రోబ్.డిలో మార్పులకీ ఇదే వర్తిస్తుంది: ఆ మాడ్యూల్ ముందే ఇనిట్‌రామ్ఎఫ్ఎస్‌లో ఎక్కేదైతే, మీరు కొత్తగా రాసిన ఆప్షన్ లోపలి పాత కాపీకి తెలియదు. డెబియన్, ఉబుంటుల్లో ‘అప్‌డేట్-ఇనిట్‌రామ్ఎఫ్ఎస్’, రెడ్‌హ్యాట్ కుటుంబంలో ‘డ్రాకట్’ నడిపి మళ్లీ కట్టాలి. డీకేఎంఎస్‌తో (కొత్త కెర్నల్‌కి మాడ్యూళ్లని మళ్లీ కట్టే టూల్) బయటి మాడ్యూళ్లు కట్టుకునేవాళ్లు కెర్నల్ హెడర్లు కూడా అప్‌డేట్ అయ్యాయో లేదో రీబూట్‌కి ముందే చూసుకోండి. హెడర్లు లేకపోతే కొత్త కెర్నల్‌కి మాడ్యూల్ తయారవదు, ఆ సంగతి రీబూట్ అయ్యాకే తెలుస్తుంది.

వేరే ఇనిట్‌లు వాడేవాళ్లకి

సిస్టమ్‌డీలా బూట్‌లో సర్వీసుల్ని మొదలుపెట్టే ప్రోగ్రాంని ఇనిట్ అంటారు, అలాంటివి ఇంకా ఉన్నాయి. ఆల్పైన్, జెంటూ డిస్ట్రోల్లో (లినక్స్ రకాలు) ఉండే ఓపెన్‌ఆర్‌సీ ఈ విషయంలో నాకు ముచ్చటేస్తుంది. ‘నీడ్’ అని రాస్తే అవసరమూ వరుసా రెండూ కలిసే వస్తాయి, ‘ఆఫ్టర్’ అంటే వరుస ఒక్కటే. పైన చెప్పిన జంట గొడవ లేదు. మామూలుగా ఒకదాని తర్వాత ఒకటి మొదలుపెడుతుంది కాబట్టి రేస్‌లు (ఎవరు ముందు అన్న పోటీలు) కూడా తక్కువ. వాయిడ్ డిస్ట్రోలో ఉండే రన్ఇట్ ఇంకో దారి పట్టింది: వరుసే లేదు. అవతలిది సిద్ధంగా లేకపోతే మీ రన్ స్క్రిప్టు బయటికొచ్చేస్తుంది, ఒక సెకను ఆగి మళ్లీ నడుస్తుంది. మోటుగా ఉన్నా నిజాయితీ గల పద్ధతి. పాత సిస్‌వీ సర్వర్ ఇంకా మోస్తుంటే స్క్రిప్టుల పేర్లలో వరుస చెప్పే ఎస్20, ఎస్80 అంకెల్ని చేత్తో మార్చకండి, స్క్రిప్టు తలలో ఉండే ‘రిక్వయిర్డ్-స్టార్ట్’ లైన్లు సరిచేయండి. కేవలం స్టార్టప్ వరుస కోసం ఇనిట్ మార్చాలనుకుంటే మాత్రం వద్దంటాను. మీ డిస్ట్రో దేనితో వస్తే దానితోనే ఉండండి.

సరిగ్గా రాశామో లేదో ఎలా తెలుస్తుంది

ప్యాకేజీతో వచ్చిన యూనిట్ ఫైలుని నేరుగా దిద్దకండి, తర్వాతి అప్‌డేట్ దాన్ని తుడిచేస్తుంది. ‘సిస్టమ్‌కంట్రోల్ ఎడిట్’ కొడితే పక్కన చిన్న ఫైలు తయారవుతుంది, మీ లైన్లు అందులో రాయండి. అందులో ఆఫ్టర్, రిక్వైర్స్ లాంటివి చేర్చగలరు కానీ పాతవి తీసేయలేరు. తీసేయాలంటే మొత్తం ఫైలుని ఈటీసీలోకి కాపీ చేసుకోవాల్సిందే.

‘సిస్టమ్‌డీ-అనలైజ్ వెరిఫై’ యూనిట్‌లోని రాత తప్పులు పట్టిస్తుంది. అదే టూల్‌లోని ‘బ్లేమ్’ (ఏ సర్వీసు ఎంత సమయం తీసుకుందో చూపే జాబితా) చూసి ఎక్కువ సమయం తీసుకున్న సర్వీసుని తిట్టుకోకండి, అది ఊరికే ఇంకొకరి కోసం ఎదురుచూసి ఉండొచ్చు. ‘క్రిటికల్-చెయిన్’ (ఎవరి కోసం ఎవరు ఆగారో చూపేది) చూడండి. ఒకదాని తర్వాత ఒకటి అని రాస్తూ పోయి గుండ్రంగా తిరిగొస్తే సిస్టమ్‌డీ ఆ వలయంలో ఏదో ఒక జాబ్‌ని తీసి పారేసి బూట్ పూర్తిచేస్తుంది. జర్నల్‌లో (సిస్టమ్‌డీ లాగ్) ‘ఆర్డరింగ్ సైకిల్’ అని వెతకండి. ఒక్కోసారి ఒక్కో సర్వీసు లేవడం లేదంటే అనుమానించాల్సింది దీన్నే.

ఇవన్నీ చేసినా నాకు నమ్మకం కుదిరేది ఒక్క పరీక్షతోనే. దేని కోసం ఆగాలో దాన్ని కావాలని ఆలస్యం చేస్తాను. డేటాబేస్ యూనిట్‌కి ఎగ్జెక్‌స్టార్ట్‌ప్రీలో ‘స్లీప్ 30’ పెట్టి రీబూట్ చేస్తాను. మౌంట్ అయితే, దానికి ముందు రావాలని రాసిన చిన్న వన్‌షాట్ సర్వీసులో అదే స్లీప్. వేగంగా ఉన్న మెషీన్‌లో తప్పు వరుస కూడా అదృష్టం కొద్దీ పాసైపోతుంది, 30 సెకన్ల ఆలస్యంలో పాసవదు. ఆ రాత్రి డిస్కు సంగతి సరిచేశాక ఇలాగే పరీక్షించాను: డేటాబేస్ బుద్ధిగా 30 సెకన్లు ఆగి, డిస్కు వచ్చాక లేచింది, టేబుళ్లన్నీ ఉన్నాయి. స్లీప్ లైన్ తీయడం మాత్రం మర్చిపోయాను. తర్వాతి రీబూట్‌లో సర్వర్ ఎందుకింత నెమ్మదించిందా అని ఇరవై నిమిషాలు వెతికాను.